నడుమ సర్కారుకేం పని?

మాయమ్మకు అక్షరం రాదు. మా రాయికోడు కందిచేలల్ల కూలికి పోయేది. పటేలు ఎదురైతే "దొరా" అని పక్కకు జరిగేది. యేసయ్యను మాత్రం "నువ్వు" అనేది. కూలి బాకీ, నా ఫీజు, నడుం నొప్పి అన్నీ ఆయనకే చెప్పి కొట్లాడేది. ఎవరి ముందటా లేవని గొంతు ఆయన ముందట లేచింది. దేవునితో సొంత సంబంధమంటే ఇదే. దీన్ని గోధుమలకు అమ్ముడుపోవుడంటరా?

సంబంధం సొంతదైతే నడుమ సర్కారుకేం పని? హిందువు కానివాడు ఎస్సీ కాడన్నది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలుపుకున్నరు. క్రైస్తవుడైన దళితుణ్ణి మాత్రం ఇక్కడ బీసీ-సిల పడేసిండ్రు. 15 శాతం పోయి 1 శాతం మిగిలింది. ఈ అడ్డు తీయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007ల చెప్పినా తీయలేదు. బాప్తిస్మం తీసుకుంటే ఊరు మమ్మల్ని వాడ దాటి రానిచ్చిందా? కులం మారలేదు, కాగితమే మారింది.

పాస్టరయ్యలూ వినాలె. ఆత్మ గురించే చెప్పి ఈ కాగితం ముచ్చట దాటేస్తే ఆ ప్రార్థన సగమే.

మనస్సాక్షి స్వేచ్ఛ అందరిదని రాజ్యాంగం 25వ అధికరణం చెప్తది. బడిల నేను పిల్లలకు అదే చెప్తున్న. మరి మా వాడ పిల్లలే దానికి వెల ఎందుకు కట్టాలె?