అంగన్‌వాడీ చార్టులో మన కాలాలు లేవు

ఉగాదికి ఊరెళ్లినప్పుడు అంగన్‌వాడీలో కాసేపు కూర్చున్నాం. గోడ మీది చార్టులో చలికాలమంటే మంచు బొమ్మ. పిల్లలు "వింటర్, వింటర్" అని అరుస్తున్నారు. బయట ఇప్పపువ్వు రాలుతోంది, దాని ఊసే లేదు.

అదే పిల్లలు తెల్లారకముందే అవ్వ వెంట పోయి పువ్వు ఏరుతారు. ఎవరి బుట్ట ముందు నిండిందో, ఏ పువ్వు ఇంకా ఎండలేదో అన్నీ చెప్తారు, కాకపోతే కోయలో. అది లెక్క కాదా? తొలకరికి ముందు విజ్జ పండుం వస్తుంది. జొన్నలు, సామలు, కందులు కలిపి పోసి వేరు చేయమంటే వాళ్లకది ఆట. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్నపిల్లలకు ఆటలతో, వీలైనంత వరకు ఇంటి భాషలో నేర్పాలనే అంది.

"ఆడుకోడానికి పంపాలా, ఇంగ్లీషు రావొద్దా?" అని మా అమ్మావాళ్లే అంటారు. తప్పు పట్టలేం, హాస్టల్లో మనం పడ్డ సిగ్గు వాళ్లకీ తెలుసు. కానీ ఒకటో తరగతిలో మనం నోరు విప్పనిది ఇంగ్లీషు రాక కాదు, సారు చెప్పే తెలుగే అర్థం కాక.

ఈ సెలవుల్లో టీచరమ్మని అడుగుదాం, వారానికో రోజు ఒక అవ్వని పిలవమని. చార్టు మనమే గీద్దాం. మన బొమ్మలు అంత బాగుండవు గానీ, ఇప్పచెట్టుని పిల్లలు గుర్తుపడతారు.