మూలపడిన తాళం

మందమర్రిలో కొడుకు గల్ఫ్‌కు వెళ్లిన ఇంట కారు నెలల తరబడి కదలదు. అర్ధరాత్రి అమ్మీకి ఆయాసం వస్తే దాని తలుపు తెరుచుకోదు. నిలిచివున్న కారులోనూ అలారం వంటివి కరెంటు వాడుతూనే ఉంటాయి. బ్యాటరీ అడుగంటితే రిమోట్ పనిచేయదు. చాలా రిమోట్లలో చిన్న తాళంచెవి దాగివుంటుంది. కాని ఏనాడూ తిప్పని తాళం బొగ్గుధూళికీ తేమకూ బిగుసుకుపోతుంది. కనుక వారానికొకసారి కారును అరగంట నడిపించండి. నెలకొకసారి తాళంచెవితోనే తలుపు తీయండి.

కొద్దిపాటిదైనా నిలకడగా చేసే సత్కార్యమే అల్లాహ్‌కు మిక్కిలి ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. ఆపదలో మాత్రమే దుఆకు చేతులెత్తేవారు ఈ మాట ఆలోచించాలి. అల్లాహ్ కారుణ్యద్వారం మూతపడలేదు. బిగుసుకుపోయేది మన హృదయమే. రోజుకు ఒక్క ఆయతునైనా అర్థం తెలుసుకుంటూ పఠిద్దాం.