నీటిరంగులతో మొదలుపెడదాం తెలుగు బడి

మాతృభాషా హక్కులు అనగానే మనకు పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయ నియామకాలు, పరీక్షా మాధ్యమం, ప్రభుత్వ ఉత్తర్వులు గుర్తుకు వస్తాయి. అవన్నీ ప్రాణప్రదమైన విషయాలే. కాని న్యాయస్థానంలో ఒక వ్యాజ్యం తేలేలోగా ఒకటో తరగతిలోని బిడ్డ ఉన్నత పాఠశాలకు చేరిపోవచ్చు. చట్టం ఆగుతుంది, బాల్యం ఆగదు. ఆ నడుమ కాలంలో బిడ్డ నోట తెలుగు నిలిచేదెట్లా? నా సమాధానం కొందరికి అల్పంగా తోచవచ్చు. పిల్లల చేతికి ఒక కుంచె, నాలుగు నీటిరంగు బిళ్లలు ఇద్దాం. వారు బొమ్మ వేసే గంటసేపూ వారితో తెలుగులోనే మాట్లాడుదాం.

సరిహద్దు జిల్లాలలో మన సంఘాలు నడిపే తెలుగు తరగతులు చాలావరకు ఓనమాలు దిద్దించడంతో మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. హోసూరు బిడ్డ వారమంతా తమిళం, ఆంగ్లం రాస్తుంది. బళ్లారి బిడ్డ కన్నడం, ఆంగ్లం, హిందీ రాస్తుంది. ఆదివారం నాడు మరో లిపి ఎదురైతే అది ఆ బిడ్డకు శిక్షగానే కనిపిస్తుంది. రంగులకు లిపి లేదు. చదవడం రాదని సిగ్గుపడవలసిన పని లేదు. చేయి పనిలో పడితే నోరు దానంతట అదే విచ్చుకుంటుంది.

ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కాస్త మందపు కాగితం, చిన్న రంగుల పెట్టె, ఒక కుంచె, రెండు గిన్నెల నీళ్లు, ఒక గుడ్డపీలిక చాలు. నీటిరంగులలో తెలుపు అంటే వదిలిపెట్టిన కాగితమే. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకు పోవాలి. ఈ రెండు సూత్రాలు తెలిస్తే ఏ తల్లి అయినా, తాత అయినా గురువు కాగలరు.

మొదటి అభ్యాసం రంగులు కలపడం. ఎరుపు, పసుపు, నీలం మాత్రమే ఇవ్వండి. పసుపులో నీలం కొద్దిగా కలిస్తే చిలకపచ్చ, నీలం ఎక్కువైతే నెమలికంఠం రంగు. ఎరుపు, నీలం కలిస్తే వంకాయ రంగు. ఎరుపు, పసుపు కలిస్తే కనకాంబరం రంగు. మూడూ కలిసిపోతే బురద రంగు! మన అమ్మమ్మలు చీరలు ఎంచుకునేటప్పుడు వాడిన ఈ పేర్లు ‘రెడ్’, ‘గ్రీన్’, ‘బ్లూ’ అనే మూడు ముక్కల కింద పడి నలిగిపోతున్నాయి. బిడ్డ తన చేత్తో పుట్టించిన రంగుకు మీరు పేరు చెప్పండి, ఆ పేరు మరచిపోదు.

రెండవది దాగిన అక్షరం. తెల్లని కాగితం మీద కొవ్వొత్తి ముక్కతో గట్టిగా అదిమి బిడ్డ పేరు తెలుగులో రాయండి. చూస్తే ఏమీ కనిపించదు. దాని మీద బిడ్డను పలుచని నీలిరంగు పూయమనండి. మైనం నీటిని అంటనీయదు గనుక అక్షరాలు తెల్లగా బయటపడతాయి. తన పేరు తెలుగులో ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడని పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారికి ఆ తొలి దర్శనం పలకమీది దెబ్బగా కాక వింతగా దక్కుతుంది. మరుసటి వారం తమ్ముడి పేరు తానే రాస్తానంటుంది.

మూడవది రాత్రి ఆకాశం. కాగితాన్ని ముందు నీటితో తడిపి, ముదురు నీలం పులిమి, ఆరకముందే కల్లుప్పు చిలకరించాలి. ఉప్పు తడిని పీల్చుకున్నచోట చుక్కలు మెరుస్తాయి. ఆరాక దులిపివేయాలి. తడపడం, పులమడం, చిలకరించడం, ఇంకడం, దులపడం – ఇవన్నీ క్రియలే. ఇంటిభాష ఇటువంటి క్రియలను పోగొట్టుకోకూడదు. నామవాచకాలను పొరుగుభాష నుంచి అరువు తెచ్చుకొని నెట్టుకురావచ్చు. క్రియలు పోతే నుడి కూలిపోతుంది.

ఆ తరువాత తమ ఊరిని వేయమందాం. సిరోంచ పిల్లలు ప్రాణహితను, యానాం పిల్లలు గౌతమిని, బళ్లారి పిల్లలు కోటగుట్టను, బరంపురం పిల్లలు పట్టుమగ్గాన్ని వేస్తారు. బొమ్మ కింద ఒకే ఒక తెలుగు వాక్యం ఉండాలి. అది తప్పులతో ఉన్నా సరే, ఎర్రసిరాతో దిద్దవద్దు. మనం వలసపక్షులం కామనీ, ఆ నేలమీద తరాలుగా ఉన్నవారమనీ చెప్పడానికి అంతకన్న మంచి పత్రం లేదు.

“బొమ్మలకు మార్కులు వస్తాయా?” అని తల్లిదండ్రులు అడుగుతారు. రావు. కాని 1947లో మద్రాసులో మొదలైన చందమామకు వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు చూసి కథ చదవాలనే ఆశ పెంచుకున్న తరం మనదే. తెలుగునాట వెలుపల అచ్చయిన ఆ పత్రిక, చూపు ముందు వస్తే చదువు వెంట వస్తుందని నిరూపించింది.

“ఇంట్లో మీరే నేర్పుకుంటున్నారు గదా, ఇక బడిలో తెలుగు ఎందుకు?” అని అధికారులు అనవచ్చు. ఈ ప్రమాదం నిజమైనదే. అందుకే ఇది హక్కును వదులుకోవడం కాదని స్పష్టంగా చెప్పాలి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రయత్నించవలసిన బాధ్యతను రాష్ట్రం మీదా స్థానిక సంస్థల మీదా ఉంచింది. 1992లో భారతదేశం అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 30వ అధికరణం అల్పసంఖ్యాక బిడ్డకు తన భాషను వాడుకొనే హక్కును, 31వ అధికరణం ఆటపాటలలో, కళలలో పాల్గొనే హక్కును చెబుతాయి. భాష, కళ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. మన కోరికలోనూ పక్కపక్కనే ఉండాలి.

కనుక తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రతి బడిలోనూ, వారానికి ఒక్క చిత్రకళా గంటనైనా తెలుగులో నడపమని ప్రధానోపాధ్యాయునికి లిఖితపూర్వకంగా విన్నవించండి. ఇందువల్ల రాష్ట్రభాషకు ఏ నష్టమూ లేదు. పొరుగు పిల్లలు వచ్చి కూర్చుంటే వారి భాషలో రంగుల పేర్లు మనమూ నేర్చుకుందాం. వినతి పత్రానికి మన పిల్లల బొమ్మలు జతచేయండి. తెలుగు బిడ్డలు ఇక్కడ లేరని చెప్పే అధికారి ముందు, కింద తెలుగు వాక్యమున్న నలభై బొమ్మలు పరచి చూపుదాం. ఆ సాక్ష్యాన్ని కాదనడం అంత సులువు కాదు.