నీడ పట్టించిన గ్రహం!

రోహిణీకార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మరి పగటి ఉష్ణోగ్రత 4,300 డిగ్రీల సెల్సియస్ ఉంటే? కెల్ట్-9బి అనే గ్రహం మీద పరిస్థితి అదే!

హంస నక్షత్ర మండలంలో, మనకు సుమారు 650 కాంతి సంవత్సరాల దూరంలో ఉందది. బరువులో గురుగ్రహానికి దాదాపు మూడు రెట్లు. అంతటి భారీ గ్రహం తన నక్షత్రాన్ని ఒకటిన్నర రోజుకే చుట్టేస్తుంది. అంత దగ్గరగా ఉందన్నమాట.

దీని జాడ మొదట తెలిసింది 2014లో. అమెరికాలోని ఆరిజోనాలో ఉన్న 'కెల్ట్' టెలిస్కోపు, ఒక నక్షత్రం వెలుగు ఒకటిన్నర రోజులకోసారి అర శాతం తగ్గుతోందని గమనించింది. కెల్ట్ పెద్ద యంత్రమేమీ కాదు. దాని కెమెరా లెన్సు వెడల్పు 4 సెంటీమీటర్ల పైచిలుకే!

వెలుగు తగ్గినంత మాత్రాన గ్రహం ఉన్నట్టు కాదు. రెండు నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డొచ్చినా అలాగే కనిపిస్తుంది. మామూలుగా అయితే, గ్రహం లాగుతుంటే నక్షత్రం ఎంత ఊగుతుందో చూస్తారు. ఆ ఊపుకి నక్షత్రకాంతి వర్ణపటంలోని సన్నని నల్లగీతలు అటూ ఇటూ జరుగుతాయి. సూర్యుడిలాంటి నక్షత్రం దగ్గర తొలి గ్రహాన్ని 1995లో కనిపెట్టింది ఈ పద్ధతిలోనే.

చిక్కల్లా వేడి నక్షత్రాలతోనే. వాటి కాంతిలో గీతలే తక్కువ. పైగా అవి బొంగరాల్లా తిరుగుతాయి. సూర్యుడి మధ్యభాగం సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, కెల్ట్-9 నక్షత్రం వేగం 110 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగానికి గీతలు అలుక్కుపోయి వెడల్పవుతాయి. అవి ఎంత జరిగాయో కొలవడం కష్టం. అందుకే గ్రహాల కోసం వెతికేవారు చాలాకాలం ఇలాంటి నక్షత్రాల జోలికి పెద్దగా వెళ్లలేదు.

చివరికి ఆ వెడల్పు గీతే దారి చూపింది. తిరిగే నక్షత్రంలో ఒక సగం మనవైపు వస్తుంటే, రెండో సగం దూరంగా పోతుంటుంది. ఎదురుగా వచ్చిన గ్రహం అందులో కొంత భాగాన్ని కప్పేస్తుంది. అప్పుడు ఆ గీతలో గ్రహం నీడ చిన్న మచ్చలా కనిపిస్తుంది. దీన్నే డాప్లర్ టోమోగ్రఫీ అంటారు. 2010లో వాస్ప్-33బి గ్రహాన్ని ఇలాగే నిర్ధారించారు. కెల్ట్-9బి దాదాపు నక్షత్ర ధ్రువాల మీదుగా తిరుగుతోందని కూడా నీడే చెప్పింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్కాట్ గౌడి బృందం 2017 జూన్‌లో ఈ గ్రహాన్ని ప్రపంచానికి ప్రకటించింది.

మరుసటి ఏడాదే దాని వాతావరణంలో ఇనుము, టైటానియం ఆవిరి రూపంలో కనిపించాయి! అక్కడి హైడ్రోజన్ కూడా అంతరిక్షంలోకి ఎగిరిపోతోంది. వయసు మీరి నక్షత్రం ఉబ్బిపోతే గ్రహాన్నే మింగేయవచ్చు. అంతవరకూ ఆ కొలిమి చుట్టూ ఒకటిన్నర రోజుకో ప్రదక్షిణ తప్పదు.