అమ్మాయి వెళ్ళే బారు చూసొచ్చాను

శీర్షిక చూసి పేజీ తిప్పేయకండి. ముందు నా మాట వినండి, తర్వాత మీరే చెబుదురుగాని.

మా పెద్దమ్మాయి జపాన్‌లోని ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. రాత్రిపూట ఫోన్ చేస్తే వెనక నవ్వులు, గ్లాసుల చప్పుడు. "ఎక్కడున్నావే?" అంటే "ఆఫీసు వాళ్ళతో ఇజాకాయకి వచ్చానమ్మా" అనేది. మొదట్లో అదేదో గుడి పేరనుకున్నాను. మన భాషలో బారు లాంటిదేనని తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నాకు పన్నెండేళ్ళు. వాళ్ళను చూసి మా ఊళ్ళోనూ ఆడవాళ్ళంతా చీపుళ్ళు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్నారు. ముందు వరసలో మా అమ్మ. మా నాన్న తెచ్చిన కూలి డబ్బులు ఇల్లు చేరకుండానే ఆ కొట్లో పడిపోయేవి మరి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆపేశారని తెలిసిన రోజున అమ్మ పాయసం వండింది. ఆ ఇంట్లో పెరిగినదానికి బారు అంటే ఏం గుర్తొస్తుందో మీకు వేరే చెప్పాలా?

2024 ఏప్రిల్‌లో మావారూ నేనూ అమ్మాయిని చూడ్డానికి వెళ్ళాం. రెండో రోజు సాయంత్రమే అడిగేశాను. "గుళ్ళూ గోపురాలూ తర్వాత చూస్తాను. ముందు నువ్వు వెళ్ళే చోటు చూపించు" అన్నాను. అది కాసేపు నా మొహంలోకి చూసి, "సరే రా అమ్మా" అంది.

నాంబా అని ఊరి నడిబొడ్డున ఒక పేట ఉంది. అక్కడ దోతోంబోరి అనే కాలవ. 1615లో తవ్వింది పూర్తయిందట. రెండు గట్ల మీదా దీపాలే దీపాలు. చేతులు పైకెత్తి పరిగెత్తే మనిషి బొమ్మ బోర్డు ముందు జనం ఫొటోలు దిగుతున్నారు. మావారు అక్కడే ఒక హోటల్లోకి దారి తీయబోతే అమ్మాయి ఆపింది. "ఇది చూడ్డానికి నాన్నా. తినడానికి రెండు వీధులు వెనక్కి వెళ్ళాలి" అంది. తిరునాళ్ళలో రథం ముందు కొట్టు పెట్టినవాడు ఊరికే అమ్ముతాడా? అక్కడా అదే లెక్క.

వెనక సందులో హోజెంజి అని చిన్న గుడి ఉంది. వచ్చినవాళ్ళంతా దేవుడి విగ్రహం మీద నీళ్ళు పోసి దండం పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి పోసీ పోసీ విగ్రహమంతా పచ్చటి నాచు కప్పేసింది. మన అభిషేకమే గుర్తొచ్చింది. నేనూ ఒక గరిటెడు పోశాను. ఏం కోరుకున్నానో మీకు తెలుసు. ఆ గుడి పక్కనే రాళ్ళు పరిచిన సందు, అటూ ఇటూ చిన్న చిన్న తిండి కొట్లు. పక్కపక్కనే గుడీ, మందూ! మావారు నా మొహం చూసి నవ్వుకున్నారు.

ఇంకో రెండు సందులు దాటాక అమ్మాయి ఒక గుమ్మం ముందు ఆగి, మంచి చోటు ఎలా గుర్తుపట్టాలో పాఠం చెప్పింది. గుమ్మానికి ఎర్ర కాగితపు లాంతరు ఉంటే అది ఇజాకాయ. నోరెన్ అనే పొట్టి గుడ్డ తెర వేలాడుతుంటే కొట్టు తెరిచి ఉన్నట్టు. తర్వాత చూడాల్సింది ధరలు. గుమ్మం దగ్గరో, గోడ మీదో, కార్డులోనో అంకెలు కనబడాలి. భాష రాకపోయినా అంకెలు మనవీ వాళ్ళవీ ఒకటేగా! కొన్ని చోట్ల మాత్రం అవి కూడా వాళ్ళ లిపిలోనే రాస్తారు, అప్పుడు వేళ్ళతో సైగ చేసి అడగాల్సిందే. ఆఖరిది, లోపల ఎవరున్నారు? ఆ చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళు, మొగుడూ పెళ్ళాలు, ఒంటరిగా కూర్చున్న ఆడపిల్ల కనబడితే నిశ్చింతగా వెళ్ళొచ్చు.

లోపల పదిహేను మంది పడతారేమో, అంతే. బల్లకు అవతల అరవై దాటిన పెద్దావిడ పొయ్యి దగ్గర నిలబడి వేపుళ్ళు వేస్తోంది. కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి వేడి తువ్వాలు ఇచ్చారు. అడక్కుండానే తలా ఒక చిన్న గిన్నెలో కూర పెట్టారు. "మేం చెప్పలేదే!" అన్నాను. దాన్ని ఓతోషి అంటారట. కూర్చున్నందుకు కట్టే రుసుములాంటిది, బిల్లులో పడుతుంది. అక్కడ తలకు 300 యెన్లు. మేం వెళ్ళినప్పుడు యెన్ అంటే మన 55 పైసలు. ఇది మోసం కాదు, వాళ్ళ ఆనవాయితీ. ముందే తెలిస్తే గొడవ ఉండదు కదా అని మీకు చెబుతున్నాను.

పచ్చి సోయా కాయలు ఉప్పేసి ఉడకబెట్టి తెచ్చారు. దాన్ని ఎదమామే అంటారు. మనం వేరుశనక్కాయలు ఉడకబెట్టి తింటామే, అచ్చం అలాగే ఒలుచుకుని తినడం. తర్వాత కుషికత్సు. కూరముక్క, రొయ్య, మాంసం, ఏదైనా సరే పుల్లకు గుచ్చి, పిండిలో ముంచి, రొట్టె పొడి అద్ది నూనెలో వేయించేస్తారు. ఆ ఊళ్ళోనే షిన్‌సెకాయ్ అనే పేట దీనికి పెట్టింది పేరు. అందరికీ కలిపి ఒకే పాత్రలో పులుసు పెట్టే కొట్లలో ఒక కట్టుబాటు ఉంది. పుల్లను ఒక్కసారే ముంచాలి, కొరికాక మళ్ళీ ముంచకూడదు. ఎంగిలి పట్టింపు మన ఒక్కరి సొత్తే అనుకున్నాను ఇన్నాళ్ళూ! కరోనా తర్వాత చాలాచోట్ల పులుసును సీసాలో ఇస్తున్నారు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. జపాన్ వంటల్లో దాషి అనే చారు నీళ్ళు చాలావాటిలో పడతాయి. అది ఎక్కువగా ఎండు చేపతోనూ సముద్రపు నాచుతోనూ కాస్తారు. టోఫు మీద కూడా చేప పొరలు చల్లి తెస్తారు. అడగందే తినకండి.

మావారు బీరు చెప్పారు. నేను చల్లటి ఊలాంగ్ టీ తాగాను. తాగనివాళ్ళను అక్కడెవరూ వింతగా చూడరు. అమ్మాయి నావైపు ఒకసారి చూసి "ఉమేషు" అంది. జూన్ నెలలో పచ్చి ఉమె కాయలు బజారుకు వస్తే అక్కడి ఇల్లాళ్ళు జాడీల్లో కలకండా సారాయీ పోసి నానబెడతారు. మనం ఆవకాయ పెట్టినట్టే, అదొక పని వాళ్ళకు. ఏడాది ఊరితే ఉమేషు. పిల్లలకైతే సారాయి లేకుండా కాయలూ కలకండా సమానంగా వేసి ఊరబెడతారు. కొన్ని వారాలకు దిగిన రసంలో నీళ్ళు కలిపి ఇస్తారు.

అమ్మాయి గ్లాసు ఎత్తింది. నా గుండె ఝల్లుమంది. ఏమీ అనలేదు, అనలేకపోయాను. అక్కడ ఇరవై నిండితే తాగొచ్చునని చట్టం. దానికి ఇరవై మూడు. నాకు ఏ చట్టమూ గుర్తు రాలేదు, మా నాన్నే గుర్తొచ్చాడు. అది ఆ ఒక్క గ్లాసునూ గంటసేపు తాగి, నీళ్ళు తెప్పించుకుంది. పక్క కుర్చీలో ఆఫీసు బట్టల్లో ఉన్న ఒకావిడ ఒంటరిగా కూర్చుని రెండు పుల్లలు తిని, గ్లాసు ఖాళీ చేసి, డబ్బిచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ వైపు ఎవరూ ఎగాదిగా చూడలేదు. బిల్లు 4,200 యెన్లు, అంటే మన 2,300 రూపాయలు. అందులో రాయని అంకె ఒక్కటీ లేదు. టిప్పు ఇవ్వబోతే పెద్దావిడ చిల్లర సహా తిరిగి చేతిలో పెట్టింది.

ఇక మర్నాటి సంగతి. అమ్మాయికి ఆఫీసులో ఆలస్యమైతే మేమిద్దరమే బయల్దేరాం. సూటు వేసుకున్న కుర్రాడు ఎదురొచ్చి వచ్చీరాని ఇంగ్లీషులో "వెయ్యి యెన్లే, ఎంతైనా తాగొచ్చు" అంటూ ఎంతో మర్యాదగా పిలిచాడు. మావారు మొహమాటపడి వెంట నడిచారు. లిఫ్టులో అయిదో అంతస్తు. కిటికీ లేని గది, మసక దీపాలు, మేం తప్ప ఇంకెవరూ లేరు. కార్డు తెచ్చిచ్చారు. పేర్లున్నాయి, ధరల్లేవు.

నేను లేచి నిలబడ్డాను. "ఏమండీ, ధర చెప్పని చోట చీరే కొనం, ఇక్కడెందుకు కూర్చోవాలి? లేవండి" అన్నాను. "బాగుండదేమో" అని ఆయన నసిగారు. గుమ్మం దగ్గర ఒక మనిషి అడ్డంగా నిలబడే ఉన్నాడు. రెండు చేతులూ జోడించి దండం పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా దిగొచ్చేశాను. కిందికొచ్చాక కాళ్ళు వణికాయండీ!

అమ్మాయికి చెబితే దాని మొహం పాలిపోయింది. అలాంటి దోపిడీని వాళ్ళు బొత్తాకురి అంటారట. కూర్చున్నాక ఆ రుసుమనీ ఈ రుసుమనీ చెప్పి వేలకు వేలు గుంజుతారట. వీధిలో నిలబడి పిలిచేవాడి వెంట ఎప్పుడూ వెళ్ళకూడదు. మంచి కొట్టువాడికి పిలిచే అవసరం ఉండదు. ఇరుక్కుంటే కోబాన్ అనే చిన్న పోలీసు ఠాణాలు వీధి మలుపుల్లో ఉంటాయి, నేరుగా అక్కడికే వెళ్ళాలి.

ఇంకో ముఖ్యమైన మాట. రైళ్ళు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోయి మళ్ళీ తెల్లవారుజామున అయిదింటికి గానీ కదలవు. టాక్సీ ఎక్కితే తిండికైన ఖర్చు దానికీ అవుతుంది. అందుకని కూర్చోకముందే ఆఖరి రైలు ఎన్నింటికో చూసుకోవాలి. తాగి బండి నడిపితే సరే, తెలిసి పక్కన కూర్చున్నవాళ్ళకూ మందు పోసినవాళ్ళకూ కూడా 2007 నుంచి శిక్ష ఉంది అక్కడ.

అంతా బంగారమని చెప్పను. ఆఖరి రైలు వేళకు స్టేషన్ మెట్ల మీద, ఖరీదైన సూటుతో, చేతిసంచీ తలకింద పెట్టుకుని ఒళ్ళు తెలియకుండా పడున్న పెద్దమనిషిని చూశాను. ఎవరింట్లోనో ఒక ఇల్లాలు అన్నం మూతపెట్టి కూర్చునుంటుంది. ఏ దేశమైతేనేం, తాగుడు తాగుడే.

బయల్దేరే ముందు రాత్రి అమ్మాయి అడిగింది, "ఇప్పుడేమంటావమ్మా?" అని. "మానేయమంటే నాతో అబద్ధం చెబుతావు, అది నాకొద్దు. ధర రాసున్న చోటే కూర్చో. ఆఖరి రైలు కంటే ముందు రైలు ఎక్కు. నీ గ్లాసు ఎప్పుడు చాలో నువ్వే చెప్పు, పక్కవాళ్ళను చెప్పనీయకు" అన్నాను. అది నా భుజం మీద తల ఆనించింది.

ఇప్పుడూ ఫోన్‌లో గ్లాసుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. "ధర రాసుందా?" అంటాను. "ఉందమ్మా." "రైలు?" "పదకొండుంబావుకి." ఇల్లు చేరానని అది మెసేజి పెట్టేదాకా మేలుకునే ఉంటాను. తర్వాత నిద్ర పడుతుంది.

నేను చేసింది సరేనంటారా? మీరైతే ఏం చేసేవారు? తప్పకుండా ఉత్తరం రాయండి. వచ్చే వారం కలుద్దాం.