గుమ్మం ముందు ఇసుక బస్తా: బియ్యం సంచి వరదను ఎంతవరకు ఆపుతుంది?

2024 సెప్టెంబర్ 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఆ గండ్లను పూడ్చడానికి ఆర్మీ దిగి, ఇనుప వలల్లో రాళ్లు నింపి వేయాల్సి వచ్చింది. అలాంటి వరదకు మీ గుమ్మం ముందు పది బస్తాలు పేర్చినా లాభం లేదు. కట్టలు కాపాడటం ప్రభుత్వం పని, ఇంటివాళ్ల పని కాదు.

కానీ ఏటా మీరు చూసే నీళ్లు వేరు. గంటసేపు గట్టి వాన పడుతుంది, నాలా పొంగుతుంది, రోడ్డు మీద నీళ్లు మెల్లగా గడప దాటతాయి. ఆ అడుగు లోతు నీటిని ఆపడానికి ఇంట్లో ఉన్నవాటితోనే అడ్డుకట్ట వేయొచ్చు. కార్పొరేషన్ బస్తాల కోసం చూడకండి. అవి ముందుగా నాలా గోడలు, అండర్‌పాస్‌ల దగ్గరికి వెళ్తాయి, వెళ్లాలి కూడా.

సంచులు ఎక్కడివి? ఖాళీ బియ్యం సంచులు, యూరియా సంచులు, గోనె సంచులు. ఏవీ లేకపోతే దిండు గలీబులు, కాళ్ల కొసలు కట్టేసిన పాత జీన్స్ ప్యాంట్లు. ఇసుక దొరక్కపోతే పెరట్లో మట్టి, కుండీల్లో మట్టి కూడా పనికొస్తుంది. పక్కన కట్టే ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంటే అడిగి తీసుకోండి.

చాలామంది పొరపాటు పడేది నింపడంలో. సంచిని మూతి దాకా నింపితే అది గుండ్రంగా బిగిసిపోతుంది, రెండు సంచుల మధ్య సందు మిగులుతుంది, నీళ్లు అక్కడి నుంచే వస్తాయి. పైగా బియ్యంతో పోలిస్తే ఇసుక దాదాపు రెట్టింపు బరువు. 25 కిలోల బియ్యం సంచిని నిండా నింపితే 50 కిలోల దగ్గరికి వెళ్తుంది. సగం వరకే నింపండి. మూతిని గట్టిగా కట్టే పని లేదు, కిందికి మడిచి, ఆ మడత మీద పక్క సంచి బరువు పడేలా పెట్టండి. ఇటుకల్లాగే కీలు మీద కీలు రాకుండా పేర్చి, ప్రతి వరసనూ కాలితో తొక్కండి.

ఇసుక నీటిని పూర్తిగా ఆపదు, ఊరుతూనే ఉంటుంది. అందుకే నీళ్లు వచ్చే వైపు టార్పాలిన్ గానీ పాత ఫ్లెక్సీ గానీ పరిచి, దాని అంచును కింది వరస సంచుల కింద నొక్కండి. (ఎన్నికల ఫ్లెక్సీలకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.) లోపలికి ఊరిన నీటిని బకెట్‌తో ఎత్తిపోసుకోవచ్చు.

ఎన్ని కావాలి? అడుగు ఎత్తు కట్టకు అడుగున రెండడుగుల వెడల్పు ఉండాలి. మామూలు గుమ్మానికి పదీ పన్నెండు సంచులు సరిపోతాయి. 20 అడుగుల సెల్లార్ ర్యాంప్‌కైతే 55 నుంచి 60, అంటే టన్నున్నర దాకా ఇసుక. అర్ధరాత్రి వానలో వాచ్‌మన్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. అసోసియేషన్ జూన్‌కు ముందే ఇసుక తెప్పించి, సంచులు సిద్ధం చేసుకోవాలి.

గుమ్మం మూసినా గ్రౌండ్ ఫ్లోర్‌లో నీళ్లు బాత్‌రూమ్ నుంచి రావొచ్చు. డ్రైనేజీ నిండితే మురుగు వెనక్కి తంతుంది. రెండు ప్లాస్టిక్ కవర్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి, సగం ఇసుక నింపి కట్టి, టాయిలెట్ గుంటలోనూ బాత్‌రూమ్ జాలీ మీదా నొక్కి పెట్టండి.

ఎప్పుడు వదిలేయాలి? బయట నీళ్లు రెండడుగులకు చేరుతుంటే ఇక బస్తాలు పెంచొద్దు. ఆ ఒత్తిడికి గోడే దెబ్బతినొచ్చు. మెయిన్ ఆపేసి పై అంతస్తుకు వెళ్లండి, సాయం కావాలంటే 112కు ఫోన్ చేయండి. నీళ్లు దిగుతున్న సెల్లార్‌లోకి బండి కోసం ఎవరూ వెళ్లొద్దు. 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద వచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు.

నీళ్లు తీసిన తర్వాత ఆ ఇసుకలో మురుగు ఉంటుంది. పిల్లల్ని ఆడనివ్వకండి, నాలాలో పారబోయకండి. చేతులకు గ్లవ్స్ వేసుకుని ఒకచోట పోగుచేసి, మున్సిపల్ సిబ్బందికి చెప్పి తీయించండి.