నేలపట్టు అతిథులు

చలికాలం వస్తే సూళ్లూరుపేట సమీపాన నేలపట్టు చెరువుకు గూడబాతులు చేరుకుంటాయి. నీటిలో నిలిచిన కడప చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మేతకు పులికాట్ సరస్సుకు వెళ్లివస్తాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువని రైతులు ఏనాడో గుర్తించారు. 1976లో ప్రభుత్వం దీనిని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది.

సెలవు రోజుల్లో పక్షులను చూడడానికి సందర్శకులు వస్తున్నారు. రావలసిందే. కానీ కేకలకు తల్లిపక్షి బెదిరి లేచిందంటే గూటిలోని గుడ్లు కాకుల పాలవుతాయి. గట్టుపై చప్పుడు చేయక నడవాలి. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసుకుపోవాలి. ఈ కట్టుబాట్లను ప్రవేశద్వారం వద్దే చెప్పి పాటింపజేయడం అధికారుల విధి. పల్లెలు కాపాడుకొస్తున్న పక్షులను ఒక్కపూట వినోదానికి బలిపెట్టరాదు.